రాతి తీరాన్ని మేసి బోడిగా ఉంచే నత్త

సముద్రం ఒడ్డున రాళ్లు బోడిగా కనిపిస్తే, అలలు అంత గట్టిగా కొడుతుంటే అక్కడ ఇంకేం మొలుస్తుందిలే అనుకోవడం సహజం. అందులో కొంత నిజం ఉంది కూడా. కానీ నార్వే నుంచి పోర్చుగల్ దాకా ఉన్న ఐరోపా పడమటి తీరాల్లో చాలా చోట్ల ఆ రాళ్లు అలా ఉండటానికి పెద్ద కారణం ఒక నత్త. కామన్ లింపెట్ అంటారు. శాస్త్రీయ నామం పటెల్లా వల్గేటా, జీవులకు శాస్త్రీయ పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరచిన లిన్నేయస్ 1758లో పెట్టిన పేరు. లాటిన్‌లో పటెల్లా అంటే చిన్న పళ్లెం, వల్గేటా అంటే మామూలుది, ఎక్కడ చూసినా కనిపించేది అని. ఆ పేరు వల్లనో ఏమో, దాన్ని నిజంగానే మామూలు జీవిగా తీసి పక్కన పెట్టేస్తారు. తీరం మొత్తం రూపురేఖలు దీని చేతిలో ఉన్నాయన్న సంగతి, అది లేకుండా పోయిన చోట్ల ఏం జరిగిందో చూస్తే తప్ప తెలియదు.

చూడటానికి చిన్న గిన్నె బోర్లించినట్టు ఉంటుంది. మామూలు నత్తలకు ఉండే మెలికల గుల్ల దీనికి లేదు, శిఖరం ఉన్న ఒక మూత మాత్రమే ఉంటుంది. పెద్దవి ఆరు సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి. సముద్రం వెనక్కి తగ్గినప్పుడే మనుషులు రాళ్ల మీదికి వెళ్తారు కాబట్టి, సాధారణంగా మనకు కనిపించేది రాయికి అతుక్కుపోయి, ఉలుకూ పలుకూ లేకుండా ఉన్న లింపెట్. జీవితమంతా అది అక్కడే అలాగే ఉంటుందని చాలామంది నమ్మకం. నిజానికి అది తిండి కోసం కదులుతుంది, తిరుగుతుంది. అరిస్టాటిల్ తన జంతువుల గురించిన రాతల్లోనే లింపెట్ రాయిని వదిలి మేతకు వెళ్తుందని చెప్పాడు, అంటే రెండు వేల మూడొందల ఏళ్ల కిందటే ఎవరో ఓపిగ్గా కూర్చుని గమనించారన్నమాట.

ఎప్పుడు బయల్దేరుతుందనేది చోటును బట్టి మారుతుంది. కొన్ని తీరాల్లో నీళ్లు నిండా ఉన్నప్పుడు, కొన్ని చోట్ల రాత్రిపూట నీళ్లు తగ్గి రాయి ఇంకా తడిగా ఉన్నప్పుడు. వెళ్లేది పెద్ద దూరమేమీ కాదు, చాలావరకు ఒక మీటరు లోపే. ఆశ్చర్యం దూరంలో లేదు, తిరిగి రావడంలో ఉంది. మేత అయ్యాక అది బయల్దేరిన చోటికే వస్తుంది. అదే రాయి, ఆ రాయి మీద అదే చోటు, గుల్ల అంతకుముందు ఏ వైపు తిరిగి ఉందో మళ్లీ అదే వైపు.

ఆ చోటును ఇంగ్లీషులో హోమ్ స్కార్ అంటారు, తెలుగులో ఇంటి మచ్చ అనుకోవచ్చు. లింపెట్ ఎన్నాళ్లుగానో ఒకే చోట కూర్చుని గుల్ల అంచును రాయికి రాస్తూ ఉంటే, రెండిట్లో ఏది మెత్తనైతే అది అరుగుతుంది. సుద్దరాయి, సున్నపురాయి లాంటి మెత్తటి రాళ్ల మీద రాయే అరిగి, గుల్ల ఆకారంలో ఒక గుంట పడుతుంది. గ్రానైట్ లాంటి గట్టి రాయైతే గుల్ల అంచు అరిగి, రాయిలోని ప్రతి ఎత్తుకీ పల్లానికీ సరిపడా వంపులు తిరుగుతుంది. ఎలా జరిగినా చివరికి సీసాకీ దాని మూతకీ కుదిరినట్టు రెండూ కుదురుతాయి. అంటే ఒక లింపెట్ గుల్ల ఇంకో లింపెట్ ఇంటికి సరిపోదు. పక్కపక్కనే ఉన్న రెండిటిని తీసి చోట్లు మార్చి పెడితే, రెండూ సందులతోనే కూర్చోవాల్సి వస్తుంది.

సందు ఉంటే ఏమవుతుందని అనిపించవచ్చు. నీళ్లు తగ్గాక ఎండలో, గాలిలో గంటల తరబడి ఉండాల్సిన జీవికి అది ప్రాణాల మీదికి వచ్చే విషయం. లింపెట్ మొప్పలు దాని పాదం చుట్టూ, గుల్ల అంచు లోపల ఒక వలయంలా ఉంటాయి. అవి తడిగా ఉండాలి. గుల్ల కింద పట్టి ఉంచుకున్న కాసిని నీళ్లే సముద్రం తిరిగి వచ్చేదాకా దానికి ఆధారం. అంచు రాయికి సరిగ్గా అతికితే ఆ నీళ్లు నిలుస్తాయి, లేకపోతే ఆవిరైపోతాయి. ఒడ్డుకు పైభాగాన, అంటే ఎక్కువసేపు ఎండే చోట బతికే లింపెట్ల గుల్లలు ఎత్తుగా ఉంటాయి, కింద నీళ్లకు దగ్గరగా ఉండేవి బల్లపరుపుగా ఉంటాయి. దీనికి ఒక వివరణ ఏమిటంటే, ఎండిపోకుండా రాయిని గట్టిగా అదిమి పట్టుకునే లింపెట్ గుల్లను తయారుచేసే తన మెత్తటి ఒంటి అంచును ఎక్కువసేపు లోపలికి లాక్కుని ఉంటుంది, దాంతో కొత్త గుల్ల వెడల్పుగా కాకుండా నిలువుగా పెరుగుతుంది. కాబట్టి ఖాళీ గుల్ల చేతికి దొరికినా అది తీరంలో ఏ ఎత్తులో బతికిందో కాస్త ఊహించవచ్చు.

మరి దారి ఎలా గుర్తుపడుతుంది? కళ్లు ఉన్నాయి గానీ అవి వెలుగు చీకట్లను తెలుసుకోవడానికి మాత్రమే పనికొస్తాయి. వెళ్లేటప్పుడు పాదం వదిలే జిగట రాయి మీద ఒక దారిలా మిగులుతుంది, వచ్చేటప్పుడు దాన్నే పట్టుకుని వస్తుంది. అయితే రాయిని మధ్యలో రుద్ది కడిగేసినా కొన్ని లింపెట్లు ఇల్లు చేరుకోగలిగాయని ప్రయోగాల్లో తేలింది కాబట్టి, జిగట ఒక్కటే మొత్తం కథ కాదు. ఈ జిగట తయారుచేయడం చవకైన పని కూడా కాదు, తిన్న తిండిలోని శక్తిలో చెప్పుకోదగ్గ వాటా దీనికే పోతుంది. తిరిగి ఇల్లు చేరడానికి ఒక జీవి అంత ఖర్చు పెడుతోందంటే, ఇల్లు తప్పిపోవడం దానికి ఎంత నష్టమో అర్థమవుతుంది.

ఇక పట్టు సంగతి. ఉడుంపట్టు అనే మాట రాళ్లకు సంబంధించినంతవరకు లింపెట్‌కు కూడా ఇవ్వాల్సిందే. మెల్లగా వెళ్లి అది తెలుసుకునేలోపు పక్కనుంచి ఒక్క దెబ్బ కొడితే ఊడి వచ్చేస్తుంది. కొంచెం తట్టి హెచ్చరించాక ప్రయత్నిస్తే గుల్ల పగలాలే తప్ప అది రాదు. ఆయిస్టర్‌క్యాచర్ అనే తీరపు పక్షికి ఈ రహస్యం బాగా తెలుసు, దాని పొడవాటి ముక్కుతో మొదటి దెబ్బలోనే పని ముగించాలని చూస్తుంది. ఈ పట్టు ఎక్కడి నుంచి వస్తుందనేది చాలాకాలం వాదనగానే ఉంది. గోడకు అంటుకునే రబ్బరు కప్పులా గాలినో నీటినో పీల్చి పట్టుకుంటుందని కొందరు, జిగురుతో అతుక్కుంటుందని కొందరు. 1990ల మొదట్లో వచ్చిన పరిశోధన రెండూ ఉన్నాయంది, నీళ్లలో ఉన్నప్పుడు పీల్చి పట్టుకోవడం, నీళ్లు తగ్గాక జిగురు. 2020లో పటెల్లా వల్గేటా జిగటలోని ప్రోటీన్లను విడదీసి చూసిన అధ్యయనం మాత్రం జిగురు వైపే బలంగా మొగ్గింది. ఆ ప్రోటీన్లలో కొన్ని స్టార్‌ఫిష్‌లు, సీ అనిమోన్‌లు రాళ్లను పట్టుకోవడానికి వాడే వాటిని పోలి ఉన్నాయట. ఒకదానితో ఒకటి దగ్గర చుట్టరికం లేని జీవులు ఒకే సమస్యకు ఒకే రకమైన జవాబు దగ్గరికి చేరడం గమనించదగ్గ విషయం.

ఇంత సేపూ ఇల్లు, పట్టు గురించి చెప్పుకున్నాం గానీ, తీరాన్ని మార్చేది దాని నాలుక. శాస్త్రంలో రాడ్యులా అంటారు. పొడవాటి రిబ్బన్‌లాంటి పట్టీ, చాప చుట్టినట్టు లోపల మడతపడి ఉంటుంది, సాగదీస్తే గుల్ల పొడవును మించిపోతుంది. దాని మీద వరసకు 12 పళ్ల చొప్పున సుమారు 160 వరసలు, మొత్తం 1,920 పళ్లు. పని చేసేది ముందు వరసలే. అవి అరిగిపోతుంటే వెనక నుంచి కొత్త వరసలు తయారై ముందుకు జరుగుతూ ఉంటాయి. వెనక చివరన పుట్టేటప్పుడు పళ్లు మెత్తగా, రంగు లేకుండా ఉంటాయి, ముందుకు వచ్చేకొద్దీ ఇనుము చేరి ఎర్రటి గోధుమ రంగులోకి తిరిగి గట్టిపడతాయి. ఇనుముతో పనిచేసే ఆకురాయి తనంతట తానే పదును పెట్టుకుంటూ ఉంటే ఎలా ఉంటుందో అలాంటి ఏర్పాటు ఇది.

ఆ పళ్లలో ఉన్నది గోథైట్ అనే ఇనుప ఖనిజం, జుట్టు కంటే ఎన్నో రెట్లు సన్నని పోగుల రూపంలో, కైటిన్ అనే మెత్తటి పదార్థంలో గుచ్చినట్టు ఉంటుంది. 2015లో ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆసా బార్బర్ బృందం ఈ పళ్ల ముక్కలను లాగి పరీక్షిస్తే, తెగే ముందు తట్టుకున్న బలం 3 నుంచి 6.5 గిగాపాస్కల్స్ (పదార్థాల బలాన్ని కొలిచే ప్రమాణం) మధ్య తేలింది. అప్పటిదాకా జీవులు తయారుచేసే పదార్థాల్లో అన్నిటికంటే బలమైనదని పేరున్న సాలెపట్టును ఇది దాటేసింది. పోగులు అంత సన్నగా ఉండటమే అందుకు కారణమని వాళ్లు చెప్పారు. పెద్ద వస్తువులో పగులు దాక్కోవడానికి చోటు ఉంటుంది, ఇంత సన్నటి పోగులో ఉండదు. అదే విశ్వవిద్యాలయంలో 2022లో ఇలాంటి పదార్థాన్ని ల్యాబ్‌లో పెంచే ప్రయత్నం కూడా మొదటి అడుగులు వేసింది. వార్తల్లో ఎక్కువగా వచ్చేది ఈ పళ్ల బలమే. అది తప్పేమీ కాదు గానీ, ఆ బలంతో లింపెట్ ఏం చేస్తోందన్నది అంతకంటే పెద్ద సంగతి.

అది చేసేది రాయిని గీరడం. రాళ్ల మీద కంటికి కనిపించని పాచి పొర ఉంటుంది, అందులో బ్యాక్టీరియా, సూక్ష్మమైన శైవలాలు, వాటితోపాటు పెద్ద సముద్రపు నాచుల నుంచి వచ్చి అప్పుడే అంటుకున్న బీజకణాలు, కంటికి ఆనని మొలకలు ఉంటాయి. లింపెట్ వాటన్నిటినీ కలిపి గీకి తింటుంది. రాయి మెత్తనైతే దాని పొడి కూడా కడుపులోకి పోతుంది. ఇంగ్లండ్ ఆగ్నేయ తీరంలోని సుద్దరాతి బండల మీద లింపెట్లు గీకడం వల్ల కూడా రాయి అరుగుతోందని కొలతలు వేసి చూపించారు. నున్నని చోట ఆ పళ్ల గీతలు వంకర టింకర ముగ్గులా కనిపిస్తాయి. పెద్ద నాచు ఒకసారి పెరిగితే దాన్ని తినడం లింపెట్‌కు కష్టం. అందుకే దాని శక్తంతా మొలకల దశలో ఉంది. అంటే, బోడిగా ఉన్న రాయి మీద ప్రతి నెలా ఒక అడవికి సరిపడా విత్తనాలు పడుతూనే ఉంటాయి, ప్రతిసారీ అవి మొలకెత్తకముందే ఎవరో మేసేస్తున్నారు.

ఇది ఊహ కాదని 1940ల్లోనే తేలింది. బ్రిటన్, ఐర్లాండ్‌ల మధ్య ఉన్న ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో, పోర్ట్ సెయింట్ మేరీ దగ్గర, ఎన్. ఎస్. జోన్స్ అనే శాస్త్రవేత్త తీరం మీద ఒక వెడల్పాటి పట్టీని ఎంచుకుని అందులోని లింపెట్లన్నిటినీ తీసేశారు. పక్కన ఉన్న రాళ్లు ఎప్పటిలాగే ఉండిపోయాయి. ఈ పట్టీలో మాత్రం ముందు పచ్చటి నాచు, తర్వాత ఫ్యూకస్ అనే గోధుమరంగు నాచు దట్టంగా పెరిగాయి. అలలు అవే, రాయి అదే, ఎండ అదే. తేడా లింపెట్ ఒక్కటే.

ఇదే ప్రయోగం ఎవరూ కోరుకోకుండా, ఎన్నో రెట్లు పెద్ద ఎత్తున 1967లో జరిగింది. ఆ ఏడాది మార్చి 18న టోరీ క్యాన్యన్ అనే చమురు ఓడ ఇంగ్లండ్ నైరుతి మూలన కార్న్‌వాల్ తీరానికి దూరంగా ఉన్న సెవెన్ స్టోన్స్ రాళ్లను గుద్దుకుంది. దాంట్లో సుమారు 1,19,000 టన్నుల ముడిచమురు ఉంది. అంత పెద్ద చమురు ప్రమాదం ప్రపంచం అప్పటిదాకా చూడలేదు, ఏం చేయాలో ఎవరికీ అనుభవం లేదు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన చమురును కరిగించి పంపేయాలని పది వేల టన్నులకు పైగా డిటర్జెంట్లు వాడారు. ఆ డిటర్జెంట్లు చమురు కంటే ఎక్కువ విషపూరితమైనవి. చాలా బీచ్‌ల దగ్గర రాళ్ల మీదున్న లింపెట్లు దాదాపుగా తుడిచిపెట్టుకుపోయాయి.

తర్వాత జరిగిందాన్ని ఇంగ్లండ్‌లోని ప్లిమత్ శాస్త్రవేత్తలు, ముఖ్యంగా ఆలన్ సౌత్‌వర్డ్, ఈవ్ సౌత్‌వర్డ్ దంపతులు ఏళ్ల తరబడి వెళ్లి చూసి నమోదు చేశారు. మొదట కొన్ని నెలల్లోనే రాళ్లు పచ్చగా మారిపోయాయి. ఆ పచ్చదనం చూసి తీరం కోలుకుంటోందని ఎవరైనా సంతోషపడే ఉంటారు, కానీ అది మేసేవాళ్లు లేకపోవడానికి గుర్తు. ఆ తర్వాత ఫ్యూకస్ వచ్చింది, రాళ్లు కనిపించనంత దట్టంగా. దాని కింద చిక్కుకుని, అలలకు అటూ ఇటూ ఊగే ఆకుల రాపిడికి, బతికి మిగిలిన బార్నకిల్స్ (రాళ్లకు అతుక్కుని బతికే చిన్న గుల్ల జీవులు) కూడా చనిపోతూ వచ్చాయి, కొత్తవి వచ్చి అంటుకునే దారీ మూసుకుపోయింది. మరోవైపు ఆ నాచు నీడ, చెమ్మ పిల్ల లింపెట్లకు బాగా కలిసొచ్చాయి. సముద్రంలో తేలుతూ వచ్చిన లార్వాలు, అంటే లింపెట్ పిల్లల తొలి రూపాలు, అక్కడ దిగి, మామూలు కంటే చాలా ఎక్కువ సంఖ్యలో బతికిపోయాయి. అవన్నీ పెరిగి పెద్దవయ్యాక కొత్త నాచు మొలకెత్తకుండా మేసేశాయి, పాతది వయసైపోయి ఊడిపోయింది. అప్పుడు మిగిలింది బోడి రాయి, దాని మీద తిండికి చాలనన్ని లింపెట్లు. అప్పుడు జరిగిన ఒక విషయం మనసును కదిలించేది. ఎప్పుడూ ఇంటి మచ్చను వదలని ఈ జీవులు ఇళ్లు వదిలేసి, ఒక వరసలా గుంపుగా రాళ్ల మీద ముందుకు కదిలాయి, తిండి వెతుక్కుంటూ. చాలావరకు ఆకలితో చచ్చిపోయాయి. సంఖ్య ఒక్కసారిగా పడిపోయింది, మళ్లీ కొంత నాచు లేచింది. ఇలా ఊగిసలాడి ఊగిసలాడి తీరం పాత స్థితికి దగ్గరగా రావడానికి పది, పదిహేనేళ్లు పట్టింది.

ఇక్కడే కార్న్‌వాల్‌లోని గోడ్రెవీ అనే చోటు గురించి చెప్పాలి. అక్కడికీ చమురు వచ్చింది. కానీ అక్కడ సీల్స్ అనే సముద్రపు జంతువులు ఉంటాయని, వాటికి హాని జరుగుతుందని డిటర్జెంట్లు వాడలేదు. ఆ రాళ్లు రెండు మూడేళ్లలోనే మామూలైపోయాయి. ప్రమాదం కంటే శుభ్రం చేసిన తీరు ఎక్కువ కాలం దెబ్బతీసిందని ఈ పోలిక చూపిస్తుంది. దెబ్బ ఎక్కడ తగిలిందో చూడండి: నాచుకు కాదు, బార్నకిల్స్‌కు కూడా అంతగా కాదు, మేసే నత్తకు. ఆ ఒక్క కొక్కెం ఊడితే మిగతా అన్నీ ఒకదాని వెంట ఒకటి జారిపోయాయి.

అలాగని అన్ని తీరాల్లోనూ లింపెట్‌దే పైచేయి అనుకోకూడదు. అలలు గట్టిగా కొట్టే ఎదురు తీరాల్లో లింపెట్లు, బార్నకిల్స్ ఎక్కువ, నాచు తక్కువ. నీళ్లు నెమ్మదిగా ఉండే మరుగు తీరాల్లో నాచు ఎక్కువ, లింపెట్లు తక్కువ. మధ్యరకం తీరాల్లో ఎవరూ గెలవరు. ఎక్కడో ఒక మూల లింపెట్లు తక్కువగా ఉంటే అక్కడ ఫ్యూకస్ గుబురు లేస్తుంది, ఆ గుబురు కింద చెమ్మకు లింపెట్లు చేరతాయి, చేరి చుట్టుపక్కల కొత్త మొక్క రాకుండా మేస్తాయి, గుబురు వయసైపోయి ఊడిపోతుంది, లింపెట్లు చెదిరిపోతాయి, ఈలోపు ఇంకో మూల ఇంకో గుబురు. ఒక్కరోజు చూసి వెళ్లేవాళ్లకు అదంతా అడ్డదిడ్డంగా పడ్డ మచ్చల్లా ఉంటుంది. ఏళ్లపాటు అదే రాయిని ఫొటోలు తీస్తే తప్ప ఆ తిరుగుడు కనిపించదు.

దీని పుట్టుక, పెంపకం గురించి కొన్ని మాటలు చాలు. శరదృతువులో, చలికాలం మొదట్లో, సముద్రం బాగా అల్లకల్లోలంగా ఉన్నప్పుడు ఆడవీ మగవీ గుడ్లను, వీర్యాన్ని నీళ్లలోకి వదులుతాయి. లార్వాలు కొన్నాళ్లు తేలి, రాయి మీద దిగుతాయి. చాలావరకు మొదట మగవిగా ఎదుగుతాయి, కొన్నేళ్లయ్యాక వాటిలో ఎన్నో ఆడవిగా మారతాయి. కాబట్టి రాయి మీద కనిపించే పెద్ద లింపెట్లలో ఎక్కువ భాగం తల్లులు. తిండి కోసం ఏరేవాళ్ల చేయి సహజంగా పెద్దవాటి మీదికే పోతుంది, అక్కడే చిక్కు. మనుషులు లింపెట్లను ఏరుకుని తినడం ఇవాళ్టిది కాదు, స్కాట్లండ్‌లోని ఓరన్సే దీవిలో మధ్య రాతియుగపు మనుషులు తిని పారేసిన గుల్లల దిబ్బల్లో ఎక్కువ భాగం ఇవే. కానీ అట్లాంటిక్‌లోని అజోర్స్ దీవుల్లో ఇంకో రెండు లింపెట్ జాతులను అమ్మకానికి విపరీతంగా ఏరడంతో 1980ల్లో అవి దారుణంగా తగ్గిపోయి, తర్వాత చట్టాలు తేవాల్సి వచ్చింది. మధ్యధరా సముద్రంలోని పటెల్లా ఫెరుజీనియా అనే పెద్ద లింపెట్ అయితే ఇప్పుడు అంతరించిపోయే ప్రమాదంలో ఉంది. మగది ఆడదిగా మారే జాతిలో పెద్దవాటిని ఏరడమంటే గుడ్లు పెట్టేవాటిని ఏరడమే, దీన్ని చేపల వేట లెక్కలతో సరిపెట్టడం కుదరదు.

పటెల్లా వల్గేటాకు ఆ కష్టం అంతగా లేదు, సంఖ్యలో ఇప్పటికీ చాలా ఉంది. దాని ముందున్నది వేడి. ఇది చల్లటి నీళ్ల జీవి. దానికి దగ్గరి చుట్టం పటెల్లా డిప్రెస్సా దక్షిణాదిది, వెచ్చదనాన్ని ఇష్టపడుతుంది. ఇంగ్లండ్ నైరుతి తీరంలో ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి, పైనుంచి చూస్తే తేడా పట్టడం కష్టం, తిప్పి చూస్తేనే పాదం రంగు, గుల్ల లోపలి చారలు చెబుతాయి. వేడెక్కిన ఏళ్లలో డిప్రెస్సా ముందుగానే గుడ్లకు సిద్ధమై ఎక్కువ కాలం పునరుత్పత్తి చేస్తోంది, వల్గేటా సమయం వెనక్కి జరుగుతోంది. రెండూ మేసేవే కదా, ఒకటి తగ్గితే ఇంకోటి ఆ పని చేస్తుందిలే అని సరిపెట్టుకోవడానికి లేదు. ఫ్యూకస్ గుబురు కింద చేరే అలవాటు వల్గేటాకు ఉంది, డిప్రెస్సాకు లేదు. ఇందాక చెప్పిన గుబుర్ల తిరుగుడంతా ఆ అలవాటు మీదే నడుస్తోంది.

అందుకే బ్రిటన్‌లో 1950ల్లో మొదలైన రాతి తీరాల లెక్కింపులను మార్‌క్లిమ్ అనే ప్రాజెక్టు 2001లో మళ్లీ అందుకుంది. ఏటా నీళ్లు బాగా వెనక్కి తగ్గే రోజుల్లో అవే చోట్లకు వెళ్లి, రాయి మీద ఒక చదరపు చట్రం పెట్టి, అందులో ఏ లింపెట్ ఎన్ని ఉన్నాయో ఒక్కొక్కటిగా లెక్కపెట్టి రాసుకుంటారు.